తెనాలి రాముడి పిల్లి నోట్లో ఏముంది?

పాలంటే భయపడే పిల్లి కథ మనందరికీ తెలుసు. ఎలుకలు పెరిగిపోయాయని రాయలవారు ఇంటికో పిల్లిని, దాని పాల కోసం ఓ ఆవుని ఇస్తారు. అందరి పిల్లులూ పాలు తాగి బలుస్తాయి. రామకృష్ణుడు మాత్రం తన పిల్లికి మొదటి రోజే సలసల కాగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు, పరుగో పరుగు. పాలు ఇంట్లోవాళ్ళకి, నవ్వు మనకి.

ఈ కథ నాకు మళ్ళీ గుర్తొచ్చింది నయాపూల్ దగ్గర. మదీనా వెనక గల్లీలో, ఒక మటన్ షాపు ముందు చారల గండుపిల్లి ఒకటి తిరిగేది. పెద్ద తల, చిరిగిన చెవి. ముక్క విసిరితే ఆత్రంగా నోట కరుచుకునేది. అంతలోనే కీచుమని అరిచి, ముక్క వదిలేసి పారిపోయేది. "నకరాలు చేస్తుండన్నా," అన్నాడు షాపు భాయ్. నేనూ నవ్వాను. నవ్విన తర్వాత అనుమానమొచ్చింది, చిన్నప్పుడు నవ్వింది కూడా ఇలాంటి పిల్లిని చూసే కదా అని.

నాలుగు రోజులు తంటాలు పడి బోనులో పట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నోరు తెరిచి చూపించింది. చిగుళ్ళన్నీ పచ్చిపుండు. రక్తపరీక్షలో ఎఫ్ఐవీ పాజిటివ్.

1986లో కాలిఫోర్నియాలో బయటపడ్డ వైరస్ ఇది. మనుషుల హెచ్‌ఐవీకి చుట్టం. కానీ మనుషులకి అంటదు. ఎక్కువగా గండుపిల్లుల కొట్లాటల్లో, లోతైన కాట్ల ద్వారా పాకుతుంది. ఒంట్లో చేరితే జీవితాంతం ఉంటుంది, రోగనిరోధక శక్తిని మెల్లగా తింటుంది. అయినా కుట్టు ఆపరేషన్ చేయించి, ఇంట్లోనే ఉంచి, పచ్చిమాంసం మానిపించి, నోటిని చూసుకుంటూ ఉంటే చాలా పిల్లులు ఏళ్ళ తరబడి మామూలుగా బతుకుతాయి. కొట్లాడుకోని పిల్లులు ఒకే ఇంట్లో ఉన్నా అంటుకునే అవకాశం తక్కువ. పిల్లుల లుకేమియా వైరస్ సంగతి వేరు. అది నాక్కోవడం వల్ల, ఒకే గిన్నెలో తినడం వల్ల కూడా పాకుతుంది. అందుకే రెండు పరీక్షలూ కలిపి చేస్తారు.

ఇదంతా విన్నాక కూడా నాకు మొదట వచ్చిన ఆలోచన, మళ్ళీ ఆ గల్లీలోనే వదిలేద్దామని. దానికి కారణం వైరస్ కాదు, పేరు. ఎవరికి చెప్పినా "ఓ, క్యాట్ ఎయిడ్స్ కదా" అనేవారు. ఆ మాట పడ్డాక పిల్లి కనిపించదు. రోగమే కనిపిస్తుంది. సూసన్ సోంటాగ్ ఎయిడ్స్ రూపకాల మీద పుస్తకం రాసింది మనుషుల గురించే. ఆ రూపకం ఓ గల్లీ పిల్లి మెడకి కూడా చుట్టుకుంటుందని అప్పుడర్థమైంది.

ఇక కథ దగ్గరికొస్తాను. రామకృష్ణుడి కథ నవ్వించాలంటే ఒక షరతు ఉంది. మనం పిల్లి నోట్లోకి చూడకూడదు. కథ మనల్ని గిన్నె వైపు, రాజు మొహం వైపు, రామకృష్ణుడి తెలివి వైపు తిప్పుతూనే ఉంటుంది. కొన్ని పుస్తకాల్లో రాజుగారు పిల్లి మూతి మీద కాలిన మచ్చలు గమనిస్తాడు. అక్కడైనా కథ ఆగాలి. ఆగదు. ఆ మచ్చలు యుక్తికి సాక్ష్యంగా మిగులుతాయి తప్ప నొప్పికి కాదు. మన భాషకీ ఇది అలవాటే. "కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు" అంటాం. ఆ పిల్లి కాలు ఎవరు కాల్చారని అడగం.

నయాపూల్ మసీదుల చుట్టూ వినిపించే కథ ఇంకోటుంది, హదీసుల్లోది. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, వేటాడుకోనివ్వకుండా చంపినందుకు ఒక స్త్రీ నరకానికి పోతుంది. ఒక కథలో పిల్లిని హింసిస్తే తెలివి, ఇంకో కథలో నరకం. నాకు రెండోదే నచ్చుతుంది. కానీ ఆ కథ పుట్టుకతో తెలిసిన గల్లీ కూడా నాతోపాటే నవ్వింది. నొప్పిని నకరాలనుకున్నవాళ్ళకి, తాము హింసిస్తున్నామని తెలియదు కదా. నీతి తెలిస్తే చాలదు, చూడటం తెలియాలి.

ఆ చూడటం నాకు డోరిస్ లెస్సింగ్‌లో దొరికింది. 1967 నాటి 'పర్టిక్యులర్లీ క్యాట్స్' మొదట్లోనే ఆఫ్రికా పొలంలో పెరిగిపోయిన పిల్లుల్ని వాళ్ళ నాన్న తుపాకీతో కాల్చాల్సి వచ్చిన రోజు ఉంటుంది. ఆ చేదుని ఆమె దాచదు. రెండు దశాబ్దాల తర్వాత ఆ పుస్తకానికి చేర్చిన రూఫస్ కథ ఇంకా దగ్గరిది. లండన్‌లో ఇల్లు లేని ఎర్రపిల్లి. తిండికన్నా ముందు నీళ్ళకోసం వెంపర్లాడుతుంది. ఆ దాహం ఎందుకని ఆమె అడుగుతుంది. మూత్రపిండాలు పాడయ్యాయని తేలుతుంది. కథంతా ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది. ఇంకో పిల్లి వద్దనుకున్న మనిషి, ఇంట్లో పిల్లులు గుర్రుమంటున్నా, అంగుళం అంగుళంగా దానికి చోటిస్తుంది. గొప్ప త్యాగంలా రాసుకోదు. విసుగు కూడా రాస్తుంది. అందుకే నమ్ముతాం.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. లెస్సింగ్‌కి సొంతిల్లుంది, ఖర్చు పెట్టుకునే స్తోమతుంది. అద్దెగదిలో ఉండి, ఓనర్‌కి చెప్పకుండా, జీతంలోంచి మందులు కొనేవాళ్ళ కథ ఆమె రాయలేదు. అది ఆమె తప్పు కాదు. అది మనం రాయాల్సింది. మన సాహిత్యంలో గోడ మీద పిల్లులు బోలెడు. జబ్బుచేసిన పిల్లి, జబ్బుచేసిన పిల్లిగానే ఉన్న కథ నాకింకా తారసపడలేదు.

చారలోడు ఇప్పుడు నా గదిలోనే ఉంటున్నాడు. పుచ్చిన పళ్ళన్నీ తీయించాను. ఉడికించిన చికెన్ మెత్తగా చిదిమి పెడితే తింటున్నాడు. కానీ గిన్నె చూడగానే ఇప్పటికీ ఓ అడుగు వెనక్కేస్తాడు. నేను వేలు ముంచి వేడి చూసి, గిన్నె కింద పెట్టి, దూరం జరుగుతాను. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది.