చెయ్యి పరిగెత్తకూడదు

ఆదివారం పొద్దున్నే మారేడ్‌పల్లిలో ఒకరింటి వరండాలో గంటసేపు కూర్చోవడం నాకు అలవాటైపోయింది. లోపల మా ఎనిమిదేళ్ల అమ్మాయికి పాట క్లాసు. బయట గుమ్మం ముందు చెప్పుల గుట్ట, నాలాంటి తండ్రులు ఇద్దరు ముగ్గురు. లోపల్నుంచి శ్రుతిపెట్టె జుమ్మంటూ వినిపిస్తుంటుంది. పెట్టె అన్నానే గానీ, అది టీచర్‌గారి ఫోన్లో యాప్.

మొన్న పక్కన కూర్చున్నాయన అడిగాడు: "సంగీతం నేర్పిస్తే లెక్కలు బాగా వస్తాయటగా?"

ఈ మాటకి ఓ చరిత్ర ఉంది. 1993లో అమెరికాలో కొందరు కాలేజీ పిల్లలకు పది నిమిషాలు మొజార్ట్ వినిపించి, కాగితం మడతల్లాంటి చిక్కుప్రశ్నలు ఇచ్చారు. కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకు మించి నిలవలేదు. అయినా 1998లో జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ ఓ సంగీతం సీడీ ఇద్దామన్నాడు! వినడం కాదు, నేర్చుకోవడం సంగతేమిటని చూసినవాడు టొరంటోలో షెలెన్‌బర్గ్. 2004లో అచ్చయిన ఆయన పరిశోధనలో 144 మంది ఆరేళ్ల పిల్లలున్నారు. ఏడాది తర్వాత సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగితే, నాటకం నేర్చినవాళ్లతో సహా మిగతావాళ్లది 4 పైచిలుకు పెరిగింది. నలుగురితో మెలగడంలో బాగుపడింది మాత్రం నాటకం నేర్చిన పిల్లలు. ఆ సంగతి ఎవరూ చెప్పుకోరు.

మూడు పాయింట్ల కోసమైతే నేను ఆదివారం నిద్ర వదులుకోను. మరెందుకంటే, మొదటి సరళీ వరుస దగ్గర నేను చూసిందొకటుంది.

ఆది తాళం. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు; మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. మొదటి కాలంలో అక్షరానికో స్వరం, ఎవరైనా పాడేస్తారు. రెండో కాలంలో అక్షరానికి రెండు, మూడో కాలంలో నాలుగు. తంటా అక్కడ వస్తుంది. గొంతు వేగం పెంచగానే మా అమ్మాయి చెయ్యి కూడా దాని వెంట పరిగెత్తేది. తొడ మీద టపటపా దెబ్బలు. "చెయ్యి ఆగమ్మా, గొంతొక్కటే వెళ్లాలి" అని టీచర్ ఎన్నిసార్లు అన్నారో. కోప్పడలేదు, ఊరికే ఆపి మొదటి కాలానికి తీసుకొచ్చేవారు. మూడు వారాలు ఇదే. నాలుగో ఆదివారం చెయ్యి నింపాదిగా ఉంది, స్వరాలు దాని మీదుగా జారుకుంటూ వెళ్లాయి. కిటికీలోంచి చూశాను, అమ్మాయి మొహంలో నవ్వు కూడా లేదు. అంత ఒళ్లు దగ్గరపెట్టుకుని అది మరే పనీ చేయగా నేను చూడలేదు.

ఇందులో భిన్నాలున్నాయి, నిజమే. కానీ దాన్ని లెక్కల ట్యూషన్ కింద జమ కట్టడం నాకిష్టం లేదు. అలా కట్టినవాళ్లే పరీక్షలు రాగానే సంగీతాన్ని మొదట పక్కన పెడతారు. నాకు తెలిసిన ఓ బడిలో జనవరి నుంచి పాటల పీరియడ్ లెక్కలకి ఇచ్చేశారు. అడిగితే, తల్లిదండ్రులే కోరారన్నారు.

మా ఊళ్లో సంగీతానికి లోటేమీ లేదు. భక్త రామదాసు పేరిట ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల సికింద్రాబాద్‌లోనే ఉంది. నా చిన్నప్పుడు మాత్రం "సంగీత్" అంటే మాకు ఇంగ్లిష్ సినిమాలాడే థియేటరే. నేనూ రెండేళ్లు పాట నేర్చి, గీతాల దగ్గర మానేశాను. ఎందుకు మానేశానో ఇంట్లో ఎవరూ అడగలేదు, మార్కులు బాగానే వస్తున్నాయి కదా.

నిన్న రాత్రి అన్నాలయ్యాక అమ్మాయి పక్కన కూర్చుని నేనూ తాళం వేశాను. రెండో కాలం దాకా బానే నడిచింది. మూడో కాలం ఎత్తుకోగానే అది పాట ఆపేసి నా మణికట్టు పట్టుకుంది.

"నాన్నా, చెయ్యి పరిగెడుతోంది. మళ్లీ మొదటి కాలం."