పాత జీపు నాడి తెలిసిన చేయి

పాత విల్లీస్ జీపు కొనుక్కుని ఆదివారాలన్నీ దాని బానెట్ కిందే గడిపేవాళ్లకు, అనుభవమున్న మెకానిక్ ఓ వరం. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మసిబారిన పాయింట్లను సుతారంగా రుద్దుతారు. మధ్యలో ఫీలర్ గేజ్ రేకు పెట్టి, అర మిల్లీమీటరు ఎడం కుదిరాకే స్క్రూ బిగిస్తారు. 1-3-4-2 వరుసలో ప్లగ్గు వైర్లు తగిలించి ఇంజన్ స్టార్ట్ చేస్తారు. ఇక పని చెవిది. కార్బురేటర్ స్క్రూను ఇంజన్ తడబడేదాకా లోపలికి తిప్పి, మళ్లీ పిసరంత పిసరంత వెనక్కి వదులుతారు. దగ్గు తగ్గి, నాలుగు సిలిండర్లూ ఒకే శ్రుతిలో పలికిన చోట చేయి ఆగుతుంది. ఆ చోటు ఆయన వేళ్లకు తెలుసు. ఏళ్లుగా షెడ్డులో పడున్న బండి మళ్లీ గుట్ట ఎక్కుతుంటే, పక్కన నిలబడి చూసిన యజమానికీ స్పానర్ పట్టే ధైర్యం వస్తుంది.