తోబుట్టువు పాదం అచ్చులో

బటర్‌కప్ అనే బాతుకి పెట్టిన సిలికాన్ పాదం గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం, ఆర్లింగ్టన్ ఊళ్లో ఫెదర్డ్ ఏంజెల్స్ అనే నీటిపక్షుల ఆశ్రయం ఒకటుంది. 2013 వేసవిలో అక్కడి నుంచి వచ్చిన వీడియోలో ఈ బాతు కొత్త పాదం తొడుక్కుని నడిచింది. త్రీడీ ప్రింటర్ మహిమ అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పులో సగమే యంత్రానికి చెందాలని నా అభిప్రాయం. మిగతా సగం, ఒక మనిషి బాతు నడకను ఎంత ఓపిగ్గా గమనించాడో దానికి చెందాలి.

బటర్‌కప్ 2012 నవంబరులో ఒక హైస్కూలు బయాలజీ ల్యాబులో గుడ్డులోంచి బయటపడింది. ఎడమ పాదం వెనక్కి తిరిగి ఉంది. అరికాలి మీద పడాల్సిన బరువు పడకూడని చోట పడటంతో అడుగు వేస్తే నొప్పి, చర్మం చీరుకుపోవడం, పుండ్లు. ఆశ్రయం నడిపే ఆయన వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ మనిషి. పక్షి ఆయన చేతికి వచ్చాక 2013 ఫిబ్రవరిలో పశువైద్యుడి చేత ఆ పాదాన్ని తీయించారు. నొప్పి పోయింది, కాలి మోడు మిగిలింది. అక్కడితో ఊరుకున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన ఊరుకోలేదు.

ఎందుకు కష్టమో తెలియాలంటే బాతు కాలిని కాస్త దగ్గరగా చూడాలి. వెనక్కి వంగుతుందే, మనం మోకాలనుకునే కీలు, అది నిజానికి దాని చీలమండ. అసలు మోకాలు ఈకల లోపల, పొట్టకు ఆనుకుని ఉంటుంది. పాదానికి ముందుకు మూడు వేళ్లు, వాటి నడుమ పలచని పొర, వెనక ఒక చిన్న వేలు. కాలు ఎత్తగానే ఆ మూడు వేళ్లూ గొడుగు ముడిచినట్టు దగ్గరికొస్తాయి, నేల తగలగానే విచ్చుకుంటాయి. కాళ్లు ఒంటికి బాగా వెనకగా, ఎడంగా ఉంటాయి కాబట్టి అడుగడుక్కీ ఒళ్లంతా అటూ ఇటూ ఒరుగుతుంది. ఒరిగిన ఆ క్షణంలో మొత్తం బరువు ఒంటిపాదం మీదే. ఇలాంటి కాలికి బిరుసు పాదం తగిలిస్తే ఏమవుతుంది? ఎత్తేటప్పుడు ముడుచుకోదు, కొస నేలకు తట్టుకుంటుంది, తట్టుకున్నప్పుడల్లా ఆ కుదుపు మోడుకు చేరుతుంది. ఏ పుండు బాధ తప్పించాలని పాదం తీశారో ఆ పుండే మళ్లీ వస్తుంది.

రూపం కోసం ఆయన మిన్నీ ఎడమ పాదాన్ని ఎంచుకున్నారు. మిన్నీ బటర్‌కప్‌కి తోబుట్టువు. దాని పాదానికి ఫోటోలు తీసి, వాటిని బట్టి కంప్యూటర్‌లో పాదం ఆకారం గీశారు. ఈ ఎంపిక నాకు ఎంతో నచ్చింది. పుస్తకంలోని బొమ్మ బాతు జాతి మొత్తానికి సరిపోయే సగటు పాదం. మిన్నీది మాత్రం అదే రక్తం, అదే వైపు, రోజూ నేల మీద నడుస్తున్న పాదం. వేళ్ల మధ్య ఎడం ఎంత, పొర ఎక్కడ పలచబడుతుంది, గోరు ఏ వంపులో నేలను తాకుతుంది అన్నవన్నీ అందులో ముందే తేలి ఉన్నాయి.

నోవాకాపీ అనే సంస్థ ఉచితంగా ప్రింట్ చేసి ఇవ్వడానికి ముందుకొచ్చింది. అసలు పనితనం ఇక్కడే ఉంది. ఆ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ బిరుసు, పాదానికి కావాల్సినంత వంగదు. పాదాన్నే ప్రింట్ చేస్తే చూడ్డానికి అందంగా ఉండేదే గానీ బాతుకి పనికొచ్చేది కాదు. అందుకని పాదం ప్రింట్ చేయడం మానేసి దాని అచ్చు ప్రింట్ చేశారు. ఆ అచ్చులో మెత్తని సిలికాన్ పోతపోశారు. పోతపనివాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. బిరుసుగా ఉండటం అచ్చుకి గుణం, పాదానికి దోషం. ప్రింటర్ లోపాన్ని అది లోపం కాని చోట వాడుకున్నారు. పైగా అచ్చు ఒకటి చేతిలో ఉంటే పాదం అరిగినా చిరిగినా మరొకటి పోసుకోవచ్చు.

తొడిగే తీరు మీద కూడా అంతే ఆలోచన పెట్టారు. మొదటి నమూనాలో, లాగేకొద్దీ బిగిసే అల్లిక గొట్టం లాంటి ఏర్పాటు అనుకున్నారు. తర్వాత దాన్ని వదిలి, కాలి మీదికి సాగదీసి ఎక్కించే సిలికాన్ తొడుగుకి మారారు. బిగుతు ఒకచోట కోసుకుపోకుండా కాలి పొడుగునా పరుచుకుంటుంది. మనుషుల కృత్రిమ కాళ్ల విషయంలోనూ తంటా అంతా ఈ అతుకు దగ్గరే. మనిషయితే ఒత్తుకుంటోందని చెబుతాడు, బాతు చెప్పలేదు. కాబట్టి చెప్పాల్సిన అవసరమే రాని మెత్తదనం ముందే వెతకాలి.

దీని పక్కనే నేను మరో పనిని పెడతాను. ఏలూరులో మా వదిన చేసింది. ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టిన చెయ్యి ఆవిడది. పిల్లాడు సంతలో ముచ్చటపడి తెచ్చిన బాతుపిల్లని అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి ఉంచారు. నున్నటి కాగితం మీద పిల్ల కాళ్లు జారతాయి. పుట్టిన కొత్తల్లో ఎముకలూ కీళ్లూ ఇంకా గట్టిపడవు, జారిన కాళ్లు జారినట్టే చెరో పక్కకీ పరుచుకుపోతాయి. ఈ పిల్లకీ అదే అయింది, పొట్ట మీద పాకుతోంది.

వదిన పిల్లని ఒళ్లో పెట్టుకోలేదు, కొడుకు చేతికిచ్చింది. "ఒరేయ్, అలా బిగించి పట్టుకోకురా, దానికి ఊపిరాడదు. కింద చెయ్యి పెట్టు చాలు" అంది. ఆవిడకి ఎవరు చెప్పారో గానీ అక్షరాలా నిజం. పక్షికి మనలాగా డయాఫ్రం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది. రొమ్ము నొక్కిపడితే అరచేతిలోనే ప్రాణం పోతుంది.

మెడికల్ షాపులో దొరికే మెత్తటి కాగితపు టేపుని ఆవిడ సన్నటి పట్టీగా కత్తిరించింది. నేరుగా కాలికి అంటించలేదు. ముందు రెండు కాళ్లకీ చీలమండ కిందుగా దూది పలచగా చుట్టి, దాని మీదుగా పట్టీని ఒక కాలి చుట్టూ తిప్పి, రెండో కాలి దాకా తెచ్చి, జిగురు వైపుని జిగురు వైపుకే అతికించేసింది. మధ్యలో వంతెనలా ఉన్న భాగానికి ఇక దేనికీ అంటుకునే గుణం లేదు, గడ్డీ పరకా పట్టదు. కాళ్ల మధ్య ఎడం కొలవడానికి స్కేలు తీయలేదు. పిల్లని నిటారుగా నిలబెట్టి, కాళ్లు తుంటి కిందికి తిన్నగా వచ్చేదాకా దగ్గరికి జరిపి, అక్కడ గుర్తుపెట్టుకుంది. మరీ దగ్గరగా కడితే పిల్ల నిలబడలేక బోర్లాపడుతుంది, ఎడం ఎక్కువైతే కట్టీ లాభం లేదు. కట్టాక చేసిన పని చూడండి: వేళ్లు చల్లబడుతున్నాయా, రంగు మారుతోందా అని కాసేపు పట్టి పట్టి చూసింది. అట్టపెట్టెలో కాగితం తీసేసి గరుకు గోనెపట్టా పరిచింది.

ఒకటి రెండు రోజులకోసారి ఆ కట్టు విప్పి, మళ్లీ కట్టింది. బాతుపిల్ల ఎదుగుదల అలాంటిది. పెకిన్ జాతి పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు 50 గ్రాముల పైచిలుకు, సరిగ్గా మేస్తే ఏడు వారాల్లో మూడు కిలోల దగ్గరికి వస్తుంది. నిన్నటి కట్టు ఇవాళ బిగుతు. ఇంకో రెండు రోజులు అశ్రద్ధ చేస్తే కట్టే కాలిని తినేస్తుంది. పుట్టిన మొదటి రోజుల్లోనే కట్టడం వల్ల ఈ పిల్ల నిలబడింది. ఆలస్యమైతే చాలా పిల్లలకు ఆ అదృష్టం ఉండదు.

టేపు పైనుంచి కాపాడుతుంది, లోపలి బలం మేతలోంచి రావాలి. బాతుపిల్లలకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లల కన్నా బాగా ఎక్కువ కావాలి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ప్రచురించిన కొలతల్లో బ్రాయిలర్ పిల్లలకు కిలో మేతలో 35 మిల్లీగ్రాములు ఉండాలంటే, పెకిన్ బాతుపిల్లలకు 55 అని ఉంది. ధాన్యాల్లో నియాసిన్ ఉన్నా చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. ఇంట్లో కోడిపిల్లల మేతతోనో, ఒట్టి నూకలతోనో పెంచిన బాతుపిల్లకు చీలమండలు ఉబ్బడం, కాళ్లు విల్లులా వంగడం ఇందుకే. కొల్లేటి వైపు, గోదావరి మళ్లలో కోతలయ్యాక తిరిగే మందల్లోని బాతులు రాలిన గింజలతోపాటు నత్తల్నీ పురుగుల్నీ ఏరుకు తింటాయి. పెట్టెలో పెరిగే పిల్లకి ఆ వీలు లేదు, మేతలో బ్రూయర్స్ ఈస్ట్ పొడి కలిపి ఆ లోటు తీర్చాలి.

వేరుశనగ చెక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లాండులో వేరుశనగ పిండి కలిసిన మేత తిని టర్కీ కోళ్లు వేలకు వేలు చచ్చిపోయినప్పుడే ఇది బయటపడింది. దీనికి బాతుపిల్ల ఎంత సుకుమారమంటే, ఆ రోజుల్లో విషం ఉందో లేదో తేల్చడానికి రోజు వయసు బాతుపిల్లల మీదే పరీక్షించి వాటి కాలేయం చూసేవారు. మన పల్లెల్లో చెక్క చవగ్గా దొరుకుతుంది, ఆవుకి వేసే చేత్తోనే పిల్లకీ వేయాలనిపిస్తుంది. వాసన మారిన చెక్క పిల్ల దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

నీళ్ల సంగతీ అంతే సున్నితం. కాళ్లు బలహీనపడ్డ పిల్లని గోరువెచ్చని నీళ్లలో వదిలితే ఒంటి బరువు కాళ్ల మీద పడకుండా కండరాలకు పని దొరుకుతుంది. కానీ కట్టు విప్పాకే వదలాలి, కట్టుతో ఈదలేక మునిగిపోతుంది. తల్లి దగ్గర లేని పిల్ల నూగు త్వరగా తడిసిపోతుంది, తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి ఇంకా సరిగా పనిలోకి రాదు. తడిసిన పిల్ల చలికి వణికి నీరసపడుతుంది. వదిన ఒక చెయ్యి పిల్ల పొట్ట కిందే ఉంచి, కాసేపే ఆడించి, పాత చీరముక్కతో అద్ది, బల్బు వెచ్చదనంలో పెట్టేది. మొదటి వారం పిల్ల ఉండే చోట 32 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి, వారం వారం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. బల్బు కింద పిల్ల నోరు తెరిచి రొప్పుతోందంటే వేడి ఎక్కువైందని, అదే పనిగా కీచుకీచుమంటోందంటే చాలలేదని.

టేపు పని చేయని చోటు ఒకటుంది. చీలమండ వెనక గాడిలో ఉండాల్సిన స్నాయువు పక్కకి జారిపోతే కీలు ఉబ్బి, కాలు మెలిపడి పిల్ల ఆ కాలిని చాపలేదు. కాలిని నెమ్మదిగా వంచి చీలమండ వెనక వేలితో తడిమితే, నిట్టనిలువుగా తగలాల్సిన తాడు ఒక పక్కకి తగులుతుంది. దాన్ని మళ్లీ గాడిలో పెట్టడం తెలిసిన చెయ్యి చేయాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. వదినలాంటి చెయ్యి ఇంట్లో ఉన్నా సరే, కట్టు కట్టి రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు పిల్లని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.