చేతికి పని చెప్పే వైద్యం

సెరిబ్రల్ పాల్సీ వల్ల ఒక పక్క పట్టు తప్పిన పిల్లవాడి చెయ్యి చూడగానే తెలిసిపోతుంది. మోచెయ్యి మడుచుకుని, అరచెయ్యి నేలవైపు తిరిగి, మణికట్టు వాలిపోయి, బొటనవేలు పిడికిట్లో ఇరుక్కుని ఉంటుంది. లోపం చేతిలోనే ఉందనిపించడం సహజం. అందుకే ఏళ్ల తరబడి నూనె రాసి మర్దనా చేస్తారు, వేళ్లు ఒక్కొక్కటే సాగదీస్తారు. దెబ్బ తగిలింది మాత్రం మెదడుకు, పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొద్దికాలానికో. ఆ మెదడు చేతిని నడపడం నేర్చుకోవాలంటే పిల్లవాడే ఆ చేతితో, తనకు కావలసిన పని కోసం, మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. ఎవరో పట్టుకుని కదిపితే ఆ నేర్పు రాదు. రోజువారీ పనుల ద్వారానే చికిత్స చేసే ఆక్యుపేషనల్ థెరపీ విలువంతా ఇక్కడే ఉందని నా వాదన.

ఈ నిర్ణయానికి రావడానికి వైద్యరంగానికి చాలాకాలం పట్టింది. లండన్‌లో బెర్టా, కారెల్ బోబాత్ దంపతులు 1940ల నుంచి తీర్చిదిద్దిన పద్ధతిలో, థెరపిస్టు తన చేతులతో పిల్లవాడి శరీరాన్ని సర్ది, కండరాల బిగువు తగ్గించి, కదలికకు దారి చూపేవారు. ఈ పిల్లలకు చేయగలిగిందేమీ లేదని అనుకునే రోజుల్లో వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2013లోనూ, మళ్లీ 2020లోనూ అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచినప్పుడు, పిల్లవాడు స్వయంగా సాధన చేసే పద్ధతులే ముందుకొచ్చాయి. ఇంకొకరు కదిపే పద్ధతులు, చేత్తో సాగదీయడాలు వెనకబడ్డాయి. కారణం పరిశోధకుడు ఎడ్వర్డ్ టాబ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో దొరుకుతుంది. ఒక చేతి స్పర్శ నరాలు కోసేస్తే, కదిలించే నరాలు బాగానే ఉన్నా కోతి ఆ చేతిని వాడటం మానేసింది. రెండో చేతిని కట్టేస్తే మళ్లీ వాడింది. పక్షవాతం వచ్చిన పెద్దల్లోనూ ఆ చేతి వాడకం మరిచిపోయిన అలవాటే. పసితనం నుంచే చెయ్యి సరిగా పలకని పిల్లల్లో ఆ అలవాటు అసలు పుట్టనే లేదు.

టాబ్ ఆలోచన నుంచే బాగున్న చేతికి తొడుగు వేసి, రెండో చేతితో ఆడించే పద్ధతి వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ గోర్డన్ బృందం మరో దారి పట్టింది. తొడుగేమీ లేకుండా, రెండు చేతులూ కావలసిన పనులే ఎంచి ఇస్తారు. 2011లో వాళ్లు 42 మంది పిల్లలకు చెరో పద్ధతిలో 90 గంటల శిక్షణ ఇచ్చి పోల్చారు. చేతి నేర్పు రెండింటిలోనూ దాదాపు ఒకేలా పెరిగింది. కుటుంబం కోరుకున్న పనుల విషయంలో మాత్రం రెండు చేతుల సాధనే పైచేయి అయింది. నాకది ఆశ్చర్యం కాదు. స్టీలు టిఫిన్ డబ్బా మూత తీయడం చూడండి. ఒక చెయ్యి డబ్బాను అదిమి పట్టాలి, ఇంకో చెయ్యి క్లిప్పు లేపాలి. మంచి థెరపిస్టు ముందు డబ్బాలో బియ్యం పోసి బరువు చేస్తుంది, కింద తడిగుడ్డ పరుస్తుంది, పాదాలు నేలకు ఆనేలా పాపను కూర్చోబెడుతుంది. మొదటి రోజుల్లో క్లిప్పు తనే లేపి, చివరి మెట్టయిన మూత తీయడం మాత్రం పాపకు వదులుతుంది. మణికట్టు పైకెత్తమని చెప్పదు. ఎత్తితే తప్ప పట్టు దొరకని చోట డబ్బా పెడుతుంది. తర్వాత బియ్యం తగ్గుతుంది, గుడ్డ పోతుంది, క్లిప్పు కూడా పాప వంతుకొస్తుంది. ఇంత తెలివైన పనిని ఆటలా కనిపించేట్టు చేయడం ఈ వృత్తి గొప్పతనం.

బాగున్న చేతిని కట్టడం క్రూరం కాదా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఏడిపించి కట్టేది వైద్యం కాదు. స్వీడన్‌లో ఆన్-క్రిస్టిన్ ఎలియాసన్ బృందం పసిపిల్లలకు రూపొందించిన పద్ధతిలో అది రోజుకు అరగంట ఆటే. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. కుడిచెయ్యి దెబ్బతిన్న బిడ్డ ఎడమచేత్తో అన్నం తింటే పెద్దవాళ్లు ఓర్చుకోలేరు. ఆ బిడ్డను ఎడమచేత్తోనే తిననివ్వాలి, కుడిచెయ్యి కంచం అంచు పట్టుకుంటే చాలు. దెబ్బతిన్న చెయ్యి ఎంత మెరుగైనా సాధారణంగా సాయం చేసే చెయ్యిగానే ఉంటుంది. అంతకుమించి మాట ఇవ్వడం తల్లిదండ్రులను మోసం చేయడమే.

ఇక 90 గంటలు ఎవరివల్ల అవుతుంది? కూలి మానుకుని, రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి వచ్చే తల్లికి ఈ లెక్క చెప్పడం అన్యాయమే. కానీ నోవాక్ బృందమే 2009లో ఆస్ట్రేలియాలో 36 మంది పిల్లలతో ఇంటివద్ద సాధనను పరీక్షించింది. 8 వారాల పాటు, విడతకు పావుగంట పైచిలుకు, నెలకు 17 విడతల దాకా చేసిన కుటుంబాల్లో పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. మిషెల్ జాక్‌మన్ బృందం 2020 సమీక్ష ప్రకారం, మొత్తంగా చేతి నేర్పు పెరగడానికి 40 గంటల దాకా కావాలి గానీ, ఎంచుకున్న ఒక పనికి 14 నుంచి 25 గంటలు సరిపోవచ్చు. రోజుకు అరగంట చొప్పున నెలకు 15 గంటలవుతాయి. బఠాణీలు ఒలవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, పుస్తకం అదిమిపట్టి గీత గీయడం, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. షరతు ఒక్కటే, ఆ పని పిల్లవాడు కోరుకున్నదై ఉండాలి. ఏ పని, ఏ మెట్టు నుంచి అన్నది థెరపిస్టు చూసి చెప్పాలి. ఆ బరువు తల్లి మీదకు నెట్టేయకూడదు.

ఈ సాక్ష్యం ఎక్కువగా ఒక పక్క దెబ్బతిన్న పిల్లలదని మరవకూడదు. బొటులినం ఇంజెక్షన్ బిగువు తగ్గించినా, ఆ మందు పనిచేసే వ్యవధిలో సాధన లేకపోతే పనిలో లాభం తక్కువ. రెండు చేతులూ తీవ్రంగా బిగుసుకున్న పిల్లలకు సాధన ఒక్కటే చాలదు, వస్తువునే మార్చాలి. లావుపాటి పిడి ఉన్న చెంచా, జారని కంచం, అరచేత్తో నొక్కితే పాట మోగించే పెద్ద స్విచ్. ఏ పాట మోగాలో మాత్రం పిల్లవాడే ఎంచుకోవాలి.