ఆ తేదీన ఆ పొలం ఎవరిది?

1891లో మొదలైన మద్రాసు లా కాలేజీ 2018లో చెన్నై వదిలి రెండు చోట్లకు తరలింది. అందులో ఒకటి తిరువళ్లూరు దాటాక తిరుత్తణి దారిలో వచ్చే పట్టరైపెరుంబుదూరు. చట్టాన్ని వెతకడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దక్షిణాదిలో లేదని నా నమ్మకం. చుట్టూ ఉన్న నేలే అందుకు కారణం.

తిరుత్తణి రైతు ఒకాయన 1958 నాటి కౌలు కాగితం తెచ్చి వకీలు ముందు పెట్టాడనుకోండి. జూనియర్ వెంటనే కంప్యూటర్‌లో తమిళనాడు కౌలు చట్టాలు వెతుకుతాడు. మద్రాసు సాగు కౌలుదారుల రక్షణ చట్టం, 1955 కళ్లెదుటికి వస్తుంది. ఊరు సరిపోయింది, ఏడాదీ సరిపోయింది. కానీ 1958లో ఆ పొలం మద్రాసు రాష్ట్రంలో లేదు! 1953 అక్టోబర్ 1 నుంచి చిత్తూరు జిల్లాతో పాటు ఆంధ్రలో ఉంది. చూడాల్సింది 1956 నాటి ఆంధ్ర కౌలు చట్టం. సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సులపై వచ్చిన 1959 సరిహద్దుల చట్టంతో, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసులో కలిసింది. అయినా పాత చట్టాలు ఆ పూటే రద్దు కాలేదు. శాసనసభ మార్చేదాకా అవే నడిచాయి. సత్యవేడు వైపు ఊళ్లు అదే రోజు మద్రాసు నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి.

ఇదంతా బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టపాఠం) పేజీల అడుగున, చీమతలల్లాంటి అక్షరాల్లో ఉంటుంది. తమిళనాడు పాత చట్టాల ఫుట్‌నోట్లలో ‘యాడెడ్ టెరిటరీస్’ అని కనిపిస్తే అక్కడ ఆగాలి. అలా కలిసిన నేలలో తిరుత్తణి ఉంది. నేను చూసిన మంచి వకీళ్లంతా సెక్షన్ కన్నా ముందు ఫుట్‌నోట్ చదివేవాళ్లే.

తీర్పుల సంగతీ అంతే. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాదు చేరింది. ఆ ఏళ్ల తిరుత్తణి తగాదాల కోసం మద్రాసు లా జర్నల్ ఒక్కటే తిరగేస్తే సరిపోదు, ఆంధ్ర రిపోర్టులూ తీయాలి.

చాట్‌జీపీటీ కల్పించిన కేసులను కోర్టుకిచ్చిన లాయర్లకు 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. చట్టం వెతకడంలో తప్పంటే అందరూ ఆ ముచ్చటే చెబుతారు. లేని తీర్పు ఎప్పటికైనా బయటపడుతుంది. కానీ నిజంగా ఉన్న చట్టాన్నే, వర్తించని నేలకు వర్తింపజేస్తే ఎదుటి వకీలూ గమనించకపోవచ్చు. నష్టపోయేది రైతు.

తిరుత్తణి ప్రాంతపు పాత దస్తావేజుల్లో తెలుగులో రాసినవీ ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదివి లా కాలేజీకి వచ్చిన పిల్లలకు నాదొక మనవి. మన తెలుగు అక్షరాలు నేర్చుకోండి. రేపు ఆ కాగితం కోర్టులో చదవాల్సింది మీరే.