త్రీ నాట్ త్రీ చప్పుడు

డల్లాసులో కాపురముండు మా మేనల్లుడు గత ఆదివారము రాత్రి నాకొక వీడియోను పంపి, దాని క్రిందనే "మామయ్యా, ఇదేందో గుర్తుపట్టు చూద్దాం" అని వ్రాసెను. చాపపై బోరగిల పరుండి, చెక్కిలిని కర్ర కానించి వాడు పేల్చుచున్న తుపాకిని గుర్తుపట్టుటకు నాకు కంటియద్దములతోనైనను పని లేకపోయెను. కోసివేసినట్లు మొండిగా నుండు ఆ ముక్కును, గొట్టమును కొన దాక కప్పియుండు ఆ కర్ర తొడుగును, వెనుకకు వంగిన ఆ బోల్టు పిడిని మా తరమువారిలో చూడనివాడు లేడు. బ్యాంకు గుమ్మమునందును, ఖజానా కార్యాలయము నెదుటను, పోలింగు కేంద్రముల వరండాలలోను జోగుచున్న కానిస్టేబులు మోకాళ్ళ నడుమ నిలబడి మన రాకపోకలను చూచిన త్రీ నాట్ త్రీ అదియే యని నే ననుకొంటిని. కాని వాడు మరునాడు పంపిన ఛాయాచిత్రములో, తుపాకి మెడకున్న ఉక్కుపట్టీపై, మూడు సింహముల ముద్రయు, ఆర్.ఎఫ్.ఐ. యను అక్షరములును, 1965 అను సంవత్సరమును స్పష్టముగా కనబడెను.

ఆర్.ఎఫ్.ఐ. యనగా కలకత్తాకు ఉత్తరమున హుగ్లీ తీరమందలి ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. జేమ్స్ పారిస్ లీ అనునాతని బోల్టును, ఎన్‌ఫీల్డు కర్మాగారపు గొట్టమును జతగూర్చి ఆంగ్లేయులు 1895లో పుట్టించిన తుపాకి, 1907 నాటి మూడవ మార్కు రూపమున ఈషాపూరులో స్థిరపడి, దేశము స్వతంత్రమైన పిదపను అక్కడనే తయారగుచు వచ్చెను. 1962 చైనా యుద్ధానంతరము ఈషాపూరువారు ఆ పాత దేహమునే మరింత గట్టి ఉక్కుతో తీర్చి, సైన్యమునకు వచ్చిన క్రొత్త 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు చదరపు మ్యాగజైను తగిలించి, 2ఎ, 2ఎ1 అను పేర్లతో విడుదల చేసిరి. మావాడు కొన్నది ఈ రెండవది. త్రీ నాట్ త్రీకి తోడబుట్టిన తమ్ముడు. సైన్యములు వాడి విడిచిన తుపాకులను ఏరి కూర్చుకొనువారు అమెరికాలో లెక్కకు మిక్కిలిగా నున్నారు. వారి నడుమ మన ఈషాపూరునకు ఒక చిన్న మర వలన కీర్తి కలిగినది. కర్ర తొడుగు చీలకుండుటకై మ్యాగజైను ముందు అడ్డముగా బిగించిన ఆ మరను వారు ఈషాపూర్ స్క్రూ అనియే పిలుతురట. పేరు తెలియని మన మిస్త్రీ యొకని ఉపాయమును పరదేశీయులు ఊరి పేరుతో స్మరించుట నా కెంతయో ప్రీతి కలిగించినది.

వాడుకలేని వస్తువు వస్తువే కాదని, అద్దాల పెట్టెలో బంధించిన వీణ వీణ కాదని ఈ శీర్షికలో నేను ఎన్నిమారులు వాదించితినో, "మరల మొదలుపెట్టితిరా" యని మీలో నెందరు కార్డులు వ్రాసిరో మీకే తెలియును. నా సిద్ధాంతము ప్రకారము మావాడు చేయుచున్నది సరియైన పని. గోడకు తగిలించి చూచువానికి తెలియని సంగతులు, పేల్చి, తుడిచి, విప్పి, బిగించువానికే తెలియును. బోల్టుపైని అంకెయు దేహముపైని అంకెయు ఒక్కటియేనా యని సేకరించువాడు మొదట చూచుట ధర కొరకు మాత్రమే కాదు. ప్రతి బోల్టును దాని తుపాకికే సరిచూచి అమర్తురు. ఒకదాని బోల్టు మరియొకదానిలో దూర్చినచో తూటా వెనుక సందు హెచ్చి, పేలునప్పుడు ఇత్తడి గొట్టము చిట్లవచ్చును. మా కాలేజీ ఎన్.సి.సి. ఆయుధశాలయైన కోత్‌లో బోల్టులను తారుమారు చేసిన కుర్రవానిచే హవల్దారు తుపాకిని తలపై కెత్తించి మైదానము చుట్టును పరుగు తీయించుట ఇందులకే.

తుడుచుటలోను ఒక శాస్త్రము కలదు. పాత సైనిక తూటాల టోపీలోని మందు పేలిన పిమ్మట గొట్టములో ఉప్పును విడుచును. ఉప్పు తేమను పీల్చును. తేమ ఒక్క రాత్రిలో తుప్పు పుట్టించును. నూనె ఉప్పును కరిగింపజాలదు, నీరు కరిగించును. కనుక గరాటు పెట్టి గొట్టములో మరుగునీరు పోసి, పుల్ త్రూ త్రాటి కొసకు చిందీ గుడ్డ తగిలించి లాగి, ఆరిన పిమ్మటనే నూనె పూయవలెను. వీడియో చివర మావాడు టీ కెటిలుతో ఈ యభిషేకము చేయుచుండగా, "ఆ కెటిల్ మళ్ళీ నా కిచెన్‌లోకి తెచ్చినవంటే చూడు" అని వాని యిల్లాలి కంఠము వినబడినది.

ఇంతవరకు నాకు వినోదమే. తరువాత కడుపు మండినది. హుగ్లీ తీరమున పుట్టి అశోకుని సింహములను మోయుచున్న ఈ తుపాకిని డల్లాసులోని తెలుగువాడు కొనుక్కొనవచ్చును గాని, మా సికింద్రాబాదు మెట్టుగూడలోని తెలుగువాడు కొనరాదు! అక్కడను దారి పూర్తిగా తెరచియుండదు. హెచ్1బీ వీసాతో నున్నంతకాలము వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే తుపాకి ముట్టరాదు గనుక, గ్రీన్ కార్డు చేతికి వచ్చువరకు మావాడు ఆగవలసి వచ్చినది. ఏబది యేండ్లు దాటిన తుపాకులను సేకరించువారికి అచ్చట ప్రత్యేకముగా ఒక లైసెన్సే కలదు. ఇచ్చట సైనిక తూటాకు చెందిన తుపాకి నిషిద్ధ బోరు. అనుమతింపబడిన బోరులోనైనను మూడు తుపాకుల వరకుండిన హద్దును 2019 సవరణ రెండింటికి దించినది.

దీని మూలము ఎక్కడ నున్నదో తలచుకొన్నపుడు నా కోపము రెట్టింపైనది. 1878లో లిట్టన్ ప్రభువు రెండు చట్టములు చేసెను. దేశభాషా పత్రికల నోరు నొక్కునది యొకటి. దేశీయుల చేతి యాయుధమును లాగుకొనునది రెండవది. పత్రికల చట్టమును రిప్పన్ ప్రభువు కాలముననే తీసివేసిరి. ఆయుధ చట్టము మాత్రము స్వరాజ్యము వచ్చిన పిదపను పదేండ్లకు పైగా బ్రతికి, తన గుణములను చాలవరకు 1959 చట్టమునకు ధారవోసి కన్నుమూసెను. అహింసావ్రతుడైన మహాత్ముడే 1918లో సైనికులను చేర్చు కరపత్రమున, జాతినంతను నిరాయుధము గావించిన ఆ శాసనమును ఆంగ్లపాలన చేసిన దుష్కృత్యము లన్నింటిలో మిక్కిలి నల్లనిదిగా వర్ణించెను. త్రీ నాట్ త్రీ తూటా ప్రజల చేత పడరాదను ఆ భయము నుండియే .315 బోరు మన దేశమునకు వచ్చినది. ఈషాపూరువారు నేటికిని అమ్ముచున్న ఆ వేట తుపాకి లీ బోల్టుతోనే పనిచేయును గాని, దాని తూటా ఒకప్పటి ఆస్ట్రియా హంగేరీ సైన్యపు తూటా. ఇంటి సైన్యపు తూటా కూడదు, పరదేశపు సైన్యపు తూటాకు అభ్యంతరము లేదు!

మా రైల్వే పేటనే చూడుడు. ఆగ్జిలియరీ ఫోర్సు పేర 1920 మొదలు 1947 వరకు ఈ దేశపు రైల్వేలలోని ఐరోపీయ, ఆంగ్లో ఇండియను ఉద్యోగులు డ్రిల్లు చేసి గురి నేర్చుకొనిరి. వారి ప్రక్కనే ఇంజనులో బొగ్గు వేసిన తెలుగు ఫైర్‌మనుకు ఆ భాగ్యము లేదు. నిజాము రాజ్యమున నంతకన్న మేలేమియు జరుగలేదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి రాత్రులందు విమానములలో ఆయుధములను దించుచుండగా, పల్లెలలోని రైతుల చేతులలో వడిసెలలును, భరమారు తుపాకులును, కారపు పొడియు నుండెను. కావున ఈ వారము ఒక మండిపాటు వ్యాసము వ్రాసి, మెట్టుగూడ పౌరునకు మేనల్లునితో సమానమైన హక్కును కోరవలెనని కూర్చుంటిని. కలము సగము దూరము పోయిన పిమ్మట అలుగడ్డబావి ముసలాయన యొకని జ్ఞాపకము అడ్డము వచ్చెను.

ఆయన రైల్వేలో గ్యాంగుమనుగా పనిచేసి దిగిన వ్యక్తి. పుట్టిన యూరు జనగామ తాలూకాలోనిది. నేను కాలేజీలో చదువు దినములలో, సాయంకాలము మా యరుగుపై కూర్చుండి చుట్ట కాల్చుకొనెడివాడు. ఒక జీతముల దినమున లాలాగూడ వర్క్‌షాపునకు నగదు తీసికొనిపోవు వ్యాను మా వీధి మలుపులో చెడిపోయి నిలిచెను. చాల సేపటికి బదులు మనిషి రాగా, కావలి కానిస్టేబులు తుపాకి నప్పగించుటకు ముందు దానిని ఖాళీ చేయదలచి, ముక్కును నేలవైపు పెట్టి బోల్టును టకటక ఆడించెను. ఇత్తడి తూటాలు ఒకదానివెనుక నొకటి మట్టిలో పడినవి. ముసలాయన చేతి చుట్ట యారిపోయి యుండుట నేను గమనింపలేదు. ఎన్.సి.సి.లో క్రొత్తగా నేర్చిన పాండిత్యము నా నోట పొంగుచుండెను. ఈ బోల్టు మూయునప్పుడు స్ప్రింగును బిగించును గనుక తెరచుట తేలిక యనియు, అయిదేసి తూటాల క్లిప్పులు రెండు పై నుండి నొక్కినచో పది నిండుననియు, ఆరితేరిన సిపాయి నిమిషమునకు పదునైదు గుళ్ళను గురి తప్పకుండ కాల్చుననియు నేను వివరించితిని.

ఆయన నా మొగము వంక చూచి, "ఆ లెక్క నాకు నేర్పుతవా బిడ్డా?" అనెను.

"వానకాలం. జొన్నచేన్ల పండుకున్నం. పోలీసోళ్ళు కట్టమీదికెల్లి కొడుతుండ్రు. తుపాకి పేలితే భయం గాదు. పేలిందంటే గుండు పొయ్యింది, నువ్వు బతికున్నవు. నడుమ ఈ టక్ టక్ ఇనవడుతది సూడు, అది భయం. మేం ఆ సప్పుడే లెక్కవెడుతుంటిమి. పది కాంగనే లేచి ఉరుకుడు. అట్ల ఉరికినోళ్ళల్ల నేనొకణ్ణి."

నేను మాటాడలేదు. ఆయన అగ్గిపుల్ల గీసి చుట్ట మరల వెలిగించుకొని యిట్లనెను: "వాండ్లల్ల ఒక పాత జవానుండె. వాడు పదిదాంక ఆగకపోతుండె. అయిదు కాంగనే మళ్ళ అయిదు నింపుకునేటోడు. వాని ముంగట పది లెక్కవెట్టి లేచినోళ్ళు మళ్ళ లేవలె."

అయిదు కాల్చిన వెంటనే అయిదు నింపుకొనవలెనను సూత్రము చక్కని సూత్రమే. రెండు క్లిప్పుల మ్యాగజైనుకు ఉన్న ఘనతయే అది. దానిని ఎన్.సి.సి. పరీక్షలో వ్రాసి నేను మార్కులు తెచ్చుకొంటిని. ఆ సీమలోనే, ఆ వానకాలముననే, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజుపై నిజాము బలగములు విరుచుకుపడినవి. ఆ కథ మీకు తెలిసినదే, ముసలాయన అక్కడ లేడు. ఆయనది పేరైనను పత్రిక కెక్కని చిన్న పల్లె, చిన్న జొన్నచేను.

వాడువానికే వస్తువు తెలియునను నా చిరకాల సిద్ధాంతమునకు ఈ జొన్నచేనులో పెద్ద గండి పడుచున్నది. లీ బోల్టు మృదుత్వమును గూర్చి సేకరించువారు పుటలకొలది వ్రాయుదురు. వారు చెప్పునది సత్యమే, నా యరచేతికిని ఆ నునుపు జ్ఞాపకమున్నది. అయినను ఆ తుపాకిని గూర్చి యెక్కువ తెలిసినవాడు, దాని నొక్కమారైనను ముట్టనివాడు, మట్టిలో మొగము పెట్టి దాని చప్పుడులను లెక్కించినవాడు. డల్లాసు చాపపై పరుండి కాగితమును వేయిమారులు చిల్లుపొడిచినను తుపాకి కథలోని ఆ సగము తెలియరాదు. వీణ కెదుట కూర్చున్నవాడు శ్రోత. తుపాకి కెదుట నున్నవానికి ఆ పేరు పెట్టగలమా?

హక్కుల మాటయు ఆనాడే అడిగితిని, నాలో నాటికే లిట్టన్‌పై కోపముండెను గనుక. "ఇప్పుడు లైసెన్సిస్తే తుపాకి పెట్టుకుంటవా తాతా?" అంటిని. ఆయన పగలబడి నవ్వి, "ఉంటే ఆనాడుండాలె. ఇప్పుడేం జేసుకోను, కోతులను కొట్టనీకా?" అనెను. మహాత్ముని కరపత్రము మొదలు నేటి సేకర్తల కోరిక వరకు నేను ఒకే త్రాటిపై గ్రుచ్చిన పూసలను ఆ ఒక్క నవ్వు చెదరగొట్టినది. అణచబడినవాడు అణచువాని యెదుట నిలుచుటకు కోరిన ఆయుధము వేరు. డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట వారాంతపు ముచ్చటకు కోరు ఆయుధము వేరు. రెండవదానికి మొదటిదాని కన్నీటిని పెట్టుబడిగా చూపుట నాకు సిగ్గుగా తోచినది. లిట్టన్ చట్టపు వారసునివైపు నేను ఓటువేయు దినము వచ్చునని ఎవరైన చెప్పియుండినచో నమ్మియుండను. వేయుచున్నాను, కొంత గొణుగుచునే. గురి పెట్టు సుఖము కావలసిన మెట్టుగూడ కుర్రవానికి ఎన్.సి.సి. వారి .22 తుపాకియు, గచ్చిబౌలి షూటింగు రేంజియు ఉన్నవి. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో కంచు పతకము తెచ్చినది గాలి తుపాకితోనే.

అయితే పాత త్రీ నాట్ త్రీల గతి యేమి? ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినమున వానికి లాంఛనముగా వీడ్కోలు పలికిరి. మన జిల్లాల కోత్‌లలో నింకను మిగిలినవి యున్నచో, కరగించుటకు ముందు ఒక గుమాస్తాను కూర్చుండబెట్టి రిజిష్టరు వ్రాయింపుడని నా మనవి. గుమాస్తాకు మూడు గడులు చాలును: అంకె, తయారైన యేడు, ఎప్పుడు ఏ ఠాణాలో నుండెను. నాలుగవ గడి యొకటి గీయుడని నేనడుగుదును గాని, దానిని నింపగల జొన్నచేలవారు మా పేటలో నిప్పు డొక్కరును లేరు.