పన్నెండో స్థానంలో ఒక్క మార్పు

1982 నవంబరులో ‘నేచర్’ పత్రికలో నాలుగు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రచయితల్లో మొదటి పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిది. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేసిన తెలుగు శాస్త్రవేత్త ఆయన.

టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువు ఎలుక కణాల్ని అదుపు తప్పిస్తోంది. అదే జన్యువు ఆరోగ్యవంతుల్లోనూ ఉంది, అక్కడ ఏ హానీ చేయడం లేదు. తేడా ఎక్కడ? అప్పట్లో డీఎన్ఏ చదవడమంటే జెల్ మీది గీతల్ని కంటితో ఒక్కొక్కటే పోల్చుకోవడం. అందుకే శాస్త్రవేత్తలు ముందు వెతికే చోటును కుదించారు. మంచి జన్యువు ముక్కనూ చెడ్డదాని ముక్కనూ తారుమారు చేసి అతికించి, ఏ ముక్క వస్తే కణం చెడుతుందో చూశారు. ఆ ముక్కను మాత్రం అక్షరం వదలకుండా చదివారు. దొరికింది ఒకే ఒక్క తేడా: జి ఉండాల్సిన చోట టి. దానివల్ల ప్రొటీన్ పన్నెండో స్థానంలో గ్లైసిన్ పోయి వాలిన్ వచ్చింది. ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చే రాస్ వైరస్‌లలోనూ సరిగ్గా ఆ పన్నెండో స్థానమే మారి ఉంటుంది! అదే ఏడాది మరో రెండు బృందాలూ ఇదే చోటికి చేరాయి కాబట్టి ఘనత ఒక్కరిది కాదు. నన్ను కట్టిపడేసింది ఫలితం కన్నా ఆ కుదింపు.

తీవ్ర మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఇవాళ రోగి జన్యువుల్ని ఇంత నిశితంగానే చదువుతున్నారు. అక్కడ రాస్ ఒక్కటే చాలదు. రాస్ చెడితే కణాన్ని ముందుకు తోస్తుంది. పదిహేడో క్రోమోజోము మీది టీపీ53 చెడితే ఆపేవాడే లేకుండా పోతాడు. ఈ కణితి నిరోధక జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను 1979లో కనుగొన్నప్పుడు క్యాన్సర్ కారకమనే అనుకున్నారు, అసలు స్వభావం తేలేసరికి 1989 వచ్చింది. కొత్తగా బయటపడే ఈ లుకేమియా కేసుల్లో 5 నుంచి 10 శాతం మందిలో టీపీ53 చెడి ఉంటుంది. తీవ్ర కీమో తట్టుకోలేని రోగులకోసం యూరోపియన్ లుకేమియా నెట్ 2024లో ఇచ్చిన ముప్పు వర్గీకరణలో టీపీ53 బాగుండి రాస్ మారితే మధ్యస్థం, టీపీ53 మారితే ప్రతికూలం.

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తేలితే, మందు మొదలుపెట్టేలోగా టీపీ53 పరీక్షకు పంపారా అని డాక్టరుగారిని అడగండి.